తొమ్మిది ఆవుల వాక్యం

ఆల్‌గొయ్‌లో నేను అద్దెకున్న ఇంట్లో ఆవుకు రెండు పేర్లుండేవి. ఇంటి పెద్దాయన ‘కుఅ’ అనేవారు. ఆయన భార్య ‘కో’ అనేవారు. హైదరాబాద్‌లో జర్మన్ క్లాసులో నేను వల్లె వేసిన ‘కూ’ను మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకునేవారు కాదు. అది పశువైద్యుడికి ఫోను చేసినప్పుడూ, ప్రభుత్వ ఫారాలు నింపేటప్పుడూ వాడే మాట. పాకలోకి అడుగు పెట్టే అర్హత దానికి లేదు.

మనవలు వాళ్ళను ఓపా, ఓమా అని పిలిచేవారు. తాత, నానమ్మ అన్నమాట. కొన్నాళ్ళకు నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. వాళ్ళూ కాదనలేదు.

ఆల్‌గొయ్ అంటే దక్షిణ జర్మనీలో, బవేరియా రాష్ట్రపు నైరుతి మూలన, ఆల్ప్స్ పర్వతాలను ఆనుకుని ఉన్న సీమ. నా ఉద్యోగం కెంప్టెన్ పట్టణంలో. అక్కడి అద్దెలు నా జీతానికి అందేవి కావు. అందుకని దక్షిణంగా, గ్రుంటెన్ కొండ కనబడే ఒక పల్లెలో రైతు ఇంటి మేడ మీద గది తీసుకున్నాను. ఆ కొండ ఎత్తు 1,738 మీటర్లు. మైదానం నుంచి వస్తుంటే అన్నిటికన్నా ముందు అదే ఎదురవుతుంది కాబట్టి దాన్ని ఆల్‌గొయ్ కాపలాదారు అంటారు. ఆ సీమలో పాత ఇళ్ళన్నీ ఒకే కప్పు కింద ఇల్లూ పశువులశాలా కలిసి ఉంటాయి. నా గదికి ఆ చివర గోడ అవతల గడ్డి అటక, దాని కింద ఆవులు. చలికాలం రాత్రుళ్ళు గొలుసు కదిలిన చప్పుడు, నెమరు వేస్తున్న చప్పుడు వినబడేవి. ఆ వాసనకు తోటి ఉద్యోగులు ముక్కు మూసుకునేవారు కానీ, నాకు అది పరాయి వాసన కాదు. మా తాతగారింట్లో చావిడి పక్కన మంచం వేసుకుని పెరిగినవాళ్ళం.

ఆవులన్నీ ఒకే రంగు. బూడిద కలిసిన గోధుమ రంగు, నల్లటి ముట్టె, దాని చుట్టూ సున్నం గీసినట్టు తెల్లటి అంచు. ఆ జాతిని బ్రౌన్‌ఫీ అంటారు. ప్రతి ఆవు రెండు చెవులకూ పసుపు పచ్చ బిళ్ళలు. ‘డీఈ’ అన్న దేశపు గుర్తు, ఆ తరవాత బవేరియాకు 09, ఆపైన పొడుగాటి అంకె. ప్రభుత్వానికి అది చాలు. ఓపాకు చాలేది కాదు. ఆ ఇంట తల్లి పేరు ఏ అక్షరంతో మొదలైతే పెయ్యదూడ పేరూ అదే అక్షరంతో మొదలవ్వాలి. అల్మాకు పుట్టింది ఆంటోనియా, దానికి పుట్టింది అమ్‌జెల్. ఇరవై పైచిలుకు ఆవుల వంశవృక్షాలు ఆయన నాలుక చివర ఉండేవి. సొంత చుట్టాల పుట్టినరోజులు మాత్రం ఓమా గుర్తు చేయాల్సిందే.

ఇప్పుడు ఆల్‌గొయ్ అనగానే అందరికీ పచ్చిక, పాలు, జున్నుగడ్డ (చీజ్) గుర్తొస్తాయి గానీ, రెండు వందల ఏళ్ళ కిందట ఆ నేల నీలంగా ఉండేదట. అవిసె పూల నీలం. ఇంటింటా నార తీసి, వడికి, నేసి బతికేవారు. చవక నూలుబట్ట వచ్చి ఆ బతుకును తుడిచిపెట్టింది. 1820ల్లో స్విట్జర్లాండ్‌లోని ఎమ్మె లోయ నుంచి జున్ను చేసేవాళ్ళను పిలిపించుకున్నారు. ఒక్కొక్కటి 80 కిలోల దాకా తూగే ఎమ్మెంటాలర్ జున్ను చక్రాలు అప్పుడు మొదలయ్యాయి. పొలాలు పచ్చిక బయళ్ళయ్యాయి. నీలి ఆల్‌గొయ్ పోయి పచ్చ ఆల్‌గొయ్ వచ్చిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నేతగాళ్ళ బతుకుల మీద మిల్లు బట్ట దెబ్బ గురించి మనకెవరూ చెప్పనక్కర్లేదు. ఓపా ఈ కథ చెబుతున్నప్పుడు నాకు చీరాల, పోచంపల్లి గుర్తొచ్చాయి.

ఓమా ఆ సీమ మనిషి కాదు. దేశానికి ఆ చివర, ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్‌లో పుట్టారు. పడుచు వయసులో ఓబర్స్ట్‌డోర్ఫ్‌లో ఆరోగ్యం కోసం వచ్చేవాళ్ళు దిగే ఒక విడిదిలో పనికి కుదిరి, అక్కడ పాలు పోయడానికి వచ్చిన కుర్రవాడిని పెళ్ళాడి ఉండిపోయారు. దశాబ్దాలు గడిచినా రెండు విషయాల్లో మాత్రం లొంగలేదు. ఒకటి టీ. వాళ్ళ ప్రాంతపు పద్ధతిలో కప్పు అడుగున పటికబెల్లం ముక్క వేస్తారు. దాన్ని అక్కడ క్లుంటియె అంటారు. దాని మీద చిక్కటి టీ పోస్తుంటే ముక్క చిటపటమని పగలాలి. ఆ తరవాత అంచు వెంబడి మీగడ జారవిడిస్తే అది మబ్బులా పైకి తేలుతుంది. కలపకూడదు. మొదట మీగడ, తరవాత టీ చేదు, చివర తీపి తగలాలి. మూడు కప్పులకు తక్కువ తాగితే మర్యాద కాదు. నేను అలవాటు కొద్దీ చెంచాతో తిప్పబోతే నా మణికట్టు పట్టుకుని ఆపేవారు.

రెండోది ఆవు. ఓమాకు ఆవంటే నలుపు తెలుపు మచ్చలున్న సముద్రతీరపు ఆవే. ఈ గోధుమ రంగువి పాలివ్వగలవు, మంచివే, కానీ ‘కో’ అనదగ్గవి కావని ఆవిడ తీర్పు. “అయితే వాటిని ఏమనాలి?” అని ఓపా అడిగేవారు. “నీ కుఅలు” అనేవారు ఆవిడ. అది అలా సాగేది.

ఒకసారి మా ఊళ్ళో తీసిన ఒంగోలు గిత్త ఫొటో చూపించాను. ఓపా కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఐరోపా పశువులకు మూపురం ఉండదు. ఆ ఎత్తేమిటి, దెబ్బ తగిలి వాచిందా అని అడిగారు. గంగడోలు చూసి మరీ ఆశ్చర్యపోయారు. ఓమా మాత్రం ఫొటో తీసుకుని, “ఇది తెల్లగా ఉంది. కనీసం సగం సరైన రంగు” అన్నారు.

ఎండాకాలంలో పశువులను కొండ మీదికి తోలేస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆల్‌గొయ్ కొండల మీద దాదాపు 30,000 పశువులు మేస్తాయి. కొండ మేత నేలను బవేరియాలో తూర్పు వైపు ‘ఆల్మ్’ అంటారు, ఇక్కడ ‘ఆల్పె’ అంటారు. ఆల్పెను ఆల్మ్ అన్నవాడు సెలవులకు వచ్చిన పట్నవాసి అని వెంటనే తెలిసిపోతుంది. ఇంకా ఈనని పెయ్యలను ‘షుంపెన్’ అంటారు. ఆ మాట నా నిఘంటువులో లేదు. వట్టిపోయినదాన్ని ‘గాల్ట్’ అంటారు. పాలివ్వని పశువులు మేసే కొండ గాల్ట్ ఆల్పె, పాలు పితికి అక్కడే జున్ను చేసేది సెన్ ఆల్పె. పుస్తకంలో ఒక్క ఆవు బొమ్మ చూసి వచ్చిన నాకు ఈ మాటలన్నీ వింటుంటే ప్రాణం లేచొచ్చింది. చూడి ఆవు, పాడి ఆవు, తొలిచూలు పెయ్య, ఆబోతు, కోడెదూడ అని ఇన్ని మాటలున్న ఇంట పెరిగినవాళ్ళకు పశువునంతటినీ ఒకే మాటతో సరిపెట్టే భాష ఎలా రుచిస్తుంది?

కొండ మీద ఇంకో సుఖం. వెయ్యి మీటర్లు దాటాక ‘మీరు’ లేదు, అందరికీ అందరూ ‘నువ్వే’ అని అక్కడ ఒక ఆనవాయితీ. మా మేనేజరు ఆదివారం కాలినడకన పైకొచ్చి ఎదురుపడితే నువ్వు అనాలి. సోమవారం కిందికి దిగాక మళ్ళీ మీరు. నాకు నోరు తిరిగేది కాదు. పెద్దవాళ్ళను నువ్వు అనడానికి ఎంత ఎత్తు ఎక్కినా మనవాళ్ళకు ధైర్యం చాలదు.

సెప్టెంబరులో పశువులు దిగి వస్తాయి. దాన్ని ఫీషైడ్ అంటారు. ‘ఫీ’ అంటే పశువులు, ‘షైడ్’ అంటే విడదీయడం. వేసవంతా కలిసి మేసిన పలువురి పశువులను కింద మైదానంలో విడదీసి ఎవరివి వాళ్ళకు అప్పగిస్తారు. బాట్ హిండెలాంగ్‌లో అది ఏటా సెప్టెంబరు 11న జరుగుతుంది. నేను మొదటిసారి చూసింది అక్కడే. కనబడక ముందే వినబడుతుంది. రేకుతో చేసిన పెద్ద గంటలు, పశువు మెడకు అడుగు వెడల్పు పట్టెడతో కట్టినవి, వందలు ఒక్కసారిగా మోగుతుంటే ఛాతీలో అదురు పుడుతుంది. మంద ముందు నడిచే ఆవు తలకు కొండ పూలు, ఆకులు, చిన్న అద్దం, శిలువ గుర్తుతో కట్టిన పెద్ద కిరీటం. ఆ కిరీటం అందరికీ దక్కదు. ఆ వేసవిలో కొండ మీద ఒక్క పశువు గానీ, ఒక్క కాపరి గానీ ప్రమాదంలో పోకుండా ఉంటేనే కడతారు. ఆ రోజు వచ్చిన మందల్లో ఒకదానికి కిరీటం లేదు. అప్పటిదాకా చప్పట్లు కొడుతున్న జనం అది వెళ్తుంటే టోపీలు తీశారు. ఎందుకని ఓపాను అడిగితే, ఒక షుంపెన్ పిడుగు పడి చచ్చిపోయిందన్నారు. మన కనుమ నాడు కొమ్ములకు రంగులు పూసి, మెడలో మువ్వలు కట్టి, ఊరంతా తిప్పుతాం. కానీ పోయిన పశువు కోసం పండగనాడు ఊరు టోపీ తీయడం నేను అక్కడే చూశాను.

ఇంత గౌరవం ఉన్నచోట తిట్టు కూడా ఆవుతోనే ఉండటం విచిత్రం. ‘మొద్దు ఆవు’ అంటే అక్కడ ఆడవాళ్ళను తిట్టే తిట్టు. మన దగ్గర ‘ఆవులాంటి మనిషి’ అంటే సాధువని. ఆఫీసులో పని చిక్కుల్లోంచి బయటపడితే ‘ఆవును మంచు గడ్డ మీంచి దింపాం’ అనేవారు. చాటుమాటు బేరాన్ని ‘ఆవు బేరం’ అనేవారు. పిల్లలు కళ్ళకు గంతలు కట్టుకుని ఆడే ఆట ‘గుడ్డి ఆవు’.

ఒక వసంతంలో బోడెన్ సరస్సు దాటి స్విట్జర్లాండ్ వెళ్ళాను. సరస్సుకు ఇవతల ‘క’ అన్నది అవతల గొంతు గరగరతో వచ్చే ‘ఖ’ అయిపోతుంది. ఆవు ‘ఖుఎ’. నా దగ్గర పనిచేసే స్విస్ కుర్రవాడు వంటింటి అలమరాకు వాళ్ళు వాడే మాట ‘ఖుఖిఖెష్ట్‌లి’ని నా చేత పలికించి మురిసిపోయేవాడు. కర్మానికి నేను బాగానే పలికాను. ఆశాభంగం చెందాడు.

ఆవులను పిలవడానికి స్విస్ కాపరులు పాడే కూనిరాగాలను కూరైఎన్ అంటారు. వాటికో పాత కథ ఉంది. ఒకప్పుడు స్విస్ యువకులు కూలికి సైనికులుగా పరాయి దేశాలకు వెళ్ళేవారు. వాళ్ళకు ఇంటి మీద బెంగ పట్టుకుని జ్వరపడేవారు. 1688లో బాజెల్ విశ్వవిద్యాలయంలో యోహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఆ బెంగ మీద సిద్ధాంత వ్యాసం రాసి, గ్రీకు ముక్కలు రెండు కలిపి దానికో పేరు పెట్టాడు. అదే నోస్టాల్జియా. ఆవులను పిలిచే రాగం చెవిన పడితే ఆ సైనికులు ఏడ్చి పారిపోతారనీ, అందుకని దాన్ని పాడకుండా నిషేధించారనీ 18వ శతాబ్దంలో ఐరోపా అంతా చెప్పుకుంది. ఆ కథ నిజమో కాదో గానీ, పరాయి దేశంలో ఉండి దూడ అరుపు విన్నవాళ్ళెవరూ దాన్ని కొట్టిపారేయరు.

ఇక అసలు సంగతి. ఆ పల్లెలో ఉద్యోగ విరమణ చేసిన బడిపంతులు ఒకరుండేవారు. శనివారం సాయంత్రాలు ఓపా ఇంటికి వచ్చి, జున్ను కరిగించి ఉల్లిపాయలు వేయించి కలిపే కేస్‌ష్పట్సెన్ తిని, కబుర్లు చెప్పి వెళ్ళేవారు. కుఅ, కో తగువు ఆయన ముందు రాజుకున్న ఒక రోజు, “మీ ఇద్దరి సంగతి వెంకర్ ఎప్పుడో తేల్చాడు” అన్నారు. పేరు వినగానే నాకు మా ఊరి వెంకయ్య మెదిలాడు.

గేయోర్గ్ వెంకర్ 19వ శతాబ్దపు భాషాశాస్త్రజ్ఞుడు. మాండలికాల హద్దులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చూడాలని 1876లో రైన్ నదీ ప్రాంతపు బడిపంతుళ్ళకు కొన్ని వాక్యాలు పంపి, వీటిని మీ ఊరివాళ్ళు ఎలా పలుకుతారో రాసి పంపండని అడిగాడు. తరవాత ఆ పని జర్మన్ సామ్రాజ్యమంతటా వ్యాపించింది. 1887లో దక్షిణాదికీ వచ్చింది. 40 వాక్యాలు, 40,000 పైచిలుకు బడుల నుంచి జవాబులు. వాటిని పట్టుకుని మార్‌బుర్గ్‌లో ఏళ్ళ తరబడి చేత్తో రంగు రంగుల పటాలు గీశారు. వాక్యాలేమో పల్లె బతుకులోవే. చలికాలంలో ఎండుటాకులు గాలికి ఎగరడం, పాల గురించి, మంచు గురించి, గుర్రం గురించి. వాటిలో 37వది ఆవుల వాక్యం.

మరుసటి శనివారం పంతులుగారు కాగితం తెచ్చారు. ఓపా లేచి నిలబడి, కళ్ళద్దాలు సవరించుకుని, 37వ వాక్యాన్ని తన యాసలో చదివారు. ఆవులు ఆయన నోట ‘కిఅ’ అయ్యాయి. ఓమా కూర్చునే, అల్లిక ఆపకుండా, తన యాసలో చెప్పారు. ఆవిడ నోట అవి ‘కోయెన్’. ఇద్దరివీ ఒకే వాక్యమంటే నమ్మడం కష్టం. తరవాత ముగ్గురూ నా వైపు చూశారు. నేనూ చెప్పాను: “రైతులు అయిదు ఎద్దులను, తొమ్మిది ఆవులను, పన్నెండు గొర్రెపిల్లలను ఊరి ముందుకు తోలుకొచ్చారు, అమ్ముదామని.” ఓపాకు ‘తోలుకొచ్చారు’ నచ్చింది. రెండు మూడుసార్లు అనిపించుకుని తనూ అనబోయారు.

పంతులుగారు విప్పి చెప్పింది ఇదీ. మొదట అందరిదీ ‘ఓ’కారమే. సముద్రపు ఒడ్డువాళ్ళు దాన్ని అలాగే అట్టిపెట్టుకున్నారు కాబట్టి ఓమాది ‘కో’. దక్షిణాదివాళ్ళు దాన్ని రెండుగా విరిచారు కాబట్టి ఓపాది ‘కుఅ’. మధ్య ప్రాంతాల్లో ఆ విరిగిన ముక్కలు మళ్ళీ అతుక్కుని ‘ఊ’ అయ్యాయి, పుస్తకాల భాష దాన్నే తీసుకుంది కాబట్టి నాది ‘కూ’. అంటే ఓమాది పాతది. ఆవిడ అల్లిక పక్కన పెట్టి ఇంకో టీ పెట్టుకొచ్చారు.

అప్పుడు నేను, మా ఇంట్లోనూ రెండు పేర్లున్నాయని చెప్పాను. పాలు పితికేటప్పుడు ఆవు, పూజ చేసేటప్పుడు గోవు. ఆవు మా సొంతం, తమిళంలోనూ దాని చుట్టం ఉంది. గోవు సంస్కృతం నుంచి వచ్చింది. పంతులుగారు కుర్చీలో ముందుకు జరిగారు. “గో, కో” అని తనలో తాను అనుకున్నారు. ఆ రెండూ ఒకే ఇంటివట. సంస్కృతంలో ‘గ’ ఉన్నచోట జర్మన్ కుటుంబపు భాషల్లో ‘క’ వస్తుందన్న సూత్రాన్ని యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించాడు. పిల్లల కథలు పోగు చేసిన ఇద్దరు అన్నదమ్ముల్లో పెద్దవాడు ఆయనే. ఇంగ్లీషువాళ్ళ కౌ, డచ్చివాళ్ళ కూ, లక్సెంబర్గ్‌వాళ్ళ కోఉ, అన్నీ ఆ మందలోవే. ఎద్దు మెడ మీద వేసే కాడిని అక్కడ ‘యోఖ్’ అంటారు, అది మన ‘యుగం’. సంస్కృతంలో యుగమంటే ముందు కాడే.

ఓపా అంతా విని ఒకటే అడిగారు. “అయితే నువ్వు మా ఆవులను ఏ పేరుతో పిలుస్తావు?” నేను వాటిని పేరు పెట్టి పిలుస్తానన్నాను. అల్మా, ఆంటోనియా, అమ్‌జెల్. తగువు ఆ రాత్రికి ఆగింది.

అమ్‌జెల్ ఈనింది నేను అక్కడుండగానే. ఈనిన తరవాత మొదటి కొన్ని రోజుల పాలు డెయిరీకి పోయకూడదని అక్కడి నియమం. దూడ కడుపు నిండా తాగాక మిగిలింది పారబోస్తారు. ముర్రుపాలు పారబోయడం! నా ప్రాణం ఊరుకోలేదు. గిన్నెడు అడిగి తెచ్చుకుని, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న బెల్లం తురిమి, మిరియాలు, యాలకులు దంచి వేసి, ఆవిరి మీద ఉడికించాను. గట్టిగా, కొబ్బరి ముక్కలా కోసుకునేలా వచ్చింది. మనం జున్ను అంటే వాళ్ళకు అర్థమయ్యేది వేరు కాబట్టి పేరు చెప్పకుండా పళ్ళెం ముందు పెట్టాను. ఓపా మర్యాదకు ఒక ముక్క తిన్నారు. ఓమా ఒక ముక్క నోట్లో పెట్టుకుని, “ఇది బేస్ట్‌మెల్క్” అన్నారు. ముర్రుపాలకు వాళ్ళ మాట అది. చిన్నప్పుడు ఆవు ఈనితే వాళ్ళమ్మ ఆ పాలతో అట్లు పోసేదట. ఆల్‌గొయ్‌కి వచ్చాక మళ్ళీ తినలేదట. పళ్ళెంలో మిగిలినది ఆవిడే పూర్తి చేశారు.

ఐరోపాలో పాల కోటా, అంటే పాల ఉత్పత్తి మీద పెట్టిన పరిమితి, 2015 మార్చి 31తో ముగిసింది. ఆ తరవాత పాల ధర పడిపోయింది. వాళ్ళ అబ్బాయి కొన్నాళ్ళు నెట్టుకొచ్చి ఆవులను అమ్మేశాడు. పశువులశాల ఇప్పుడు సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చే గదులు. గొలుసులు కట్టిన ఇనుప కడ్డీని అలంకారంగా ఉంచారట. ఓపా అది చూడకుండానే పోయారు. మనవరాలు బళ్ళో నేర్చిన శుద్ధమైన ‘కూ’ అంటుందని ఓమాకు కోపం. కుఅ అన్నా సహిస్తానని ఈ మధ్య అంటున్నారు.

పోయిన నెల ఫోను చేశారు. పక్కింటి ఆవు ఈనిందట, గిన్నెడు బేస్ట్‌మెల్క్ అడిగి తెచ్చుకున్నారట, నేను చేసింది ఎలా చేయాలో చెప్పమన్నారు. చెప్పాను. బెల్లం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. కెంప్టెన్‌లో ఆసియా సరుకుల కొట్టు ఉంది గానీ అంతదూరం వెళ్ళలేరు. క్లుంటియె వేయవచ్చా అన్నారు. రంగు రాదు గానీ వేయండి, మిరియాలు మాత్రం తగ్గించవద్దన్నాను.